"నాన్నమ్మకి నీళ్ళిస్తే నాకేమిస్తావ్?"

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది తెనాలి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు బ్యాంకులో పనిచేస్తారు. బాబుకి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. పాపకి ఎనిమిది. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ ఎప్పుడు పెట్టినా మావాడికే ఫస్ట్ ప్రైజు. మొన్న క్రిస్మస్‌కి చర్చి తరఫున వృద్ధాశ్రమానికి వెళ్ళి దుప్పట్లు పంచాం, వాడి చేత కూడా ఇప్పించాను. ఇంటికొచ్చాక వాడు అడిగిన మొదటి మాట, "మమ్మీ, నా ఫోటోకి ఎన్ని లైకులొచ్చాయి?" మా అత్తగారు తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నారు. చేతులు వణుకుతాయి. ఆవిడకి గ్లాసుడు నీళ్ళు ఇచ్చిరారా అంటే "నాకేమిస్తావ్?" అంటాడు. అలవాటవుతుందని మొదట్లో నేనే పది రూపాయలిచ్చేదాన్ని. ఇప్పుడు పది చాలడం లేదు. స్త్రీల సమాజంలో నేను సెక్రటరీని, వారంలో మూడు సాయంత్రాలు ఆ పరిచర్యకే పోతాయి. మొన్న గట్టిగా మందలిస్తే "నీకు చర్చివాళ్ళంటేనే ఇష్టం, మేమంటే కాదు" అన్నాడు. మావారేమో "వాణ్ని చదువుకోనీ, సేవలన్నీ తర్వాత" అంటారు. పాపది ఇంకో తలనొప్పి, హోంవర్క్ పక్కన పడేసి ఎప్పుడూ నాన్నమ్మ మంచం దగ్గరే. స్వార్థం లేకుండా ఇతరులకి సేవ చేయడం పిల్లలకి ఎలా నేర్పాలి? మా పెంపకంలో తప్పు ఎక్కడ జరిగింది?
ఒక సహోదరి, తెనాలి

జవాబు: చెల్లెమ్మా, వందనాలు.

మీ ఉత్తరం చదివితే మీ బాబు మీద కోపం రాలేదు, జాలి వేసింది. వాడు మనం నేర్పిందే నేర్చుకున్నాడు. వాక్యం అప్పజెప్తే ప్రైజు, దుప్పటి ఇస్తే ఫోటో, నాన్నమ్మకి నీళ్ళిస్తే పది రూపాయలు. ప్రతి మంచి పనికీ ఒక రేటు ఉంటుందని ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న పిల్లవాడు "నాకేమిస్తావ్" అనక ఏమంటాడు?

"మనం" అని ఊరికే అనలేదు. ఇరవై ఆరేళ్ళు సండే స్కూల్ చెప్పినదాన్ని, ఇదే పొరపాటు నేనూ చేశాను. ఒక ఏడాది గోడకి చార్టు అంటించి, ఎవరు ఏ మంచి పని చేసినా పేరు పక్కన బంగారు రంగు నక్షత్రం అతికించేదాన్ని. మొదటి నెల పిల్లలు ఎగబడి చెప్పులు సర్దారు, చాపలు పరిచారు, నేను పొంగిపోయాను. మూడో నెలలో ఒక ఆదివారం, ఒక ముసలాయన చర్చి మెట్లెక్కుతుంటే ఇద్దరు మగపిల్లలు చెరో చెయ్యి పట్టుకుని "నేను ముందు పట్టుకున్నా", "కాదు నేనే" అని చెరో వైపు లాగుతున్నారు. ఆయన మధ్యలో నిలబడిపోయి, కర్ర జారిపోతుంటే, నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా కళ్ళముందే ఉంది. ఆ రోజే చార్టు చింపేశాను. తర్వాతి ఆదివారం చాపలు పరచడానికి ఇద్దరంటే ఇద్దరే వచ్చారు. చార్టు పెట్టకముందు కూడా వాళ్ళిద్దరే వచ్చేవాళ్ళు.

దీని మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకుని, కొంతమందికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత గమనిస్తే, సర్టిఫికెట్ ఆశ లేకుండా వేసిన పిల్లలతో పోలిస్తే వీళ్ళు దాదాపు సగం సేపే బొమ్మల జోలికి వెళ్ళారు. ఉన్న ఇష్టం కాస్తా బహుమతి తినేసింది. 2008లో జర్మనీలో 20 నెలల పసిపిల్లలతో ఇలాంటిదే ఇంకో పరీక్ష చేశారు. పెద్దవాళ్ళ చేతిలోంచి ఏదైనా జారిపడితే ఆ పిల్లలు తీసి అందించేవాళ్ళు. అందించిన ప్రతిసారీ ఆట వస్తువు ఇస్తూ వచ్చిన పిల్లలు, ఇవ్వడం ఆపగానే సాయం తగ్గించేశారు. ఏమీ ఇవ్వని పిల్లలు మాత్రం అందిస్తూనే ఉన్నారు. ఇరవై నెలల బిడ్డకి ఎవరు నేర్పారు చెప్పండి? ఆ బుద్ధి దేవుడు పెట్టే పంపాడు. మీ బాబులో కూడా ఉంది. దాని మీద పది రూపాయల నోటు పడింది, అంతే.

అందుకని మొట్టమొదట ఆ నోటు తీసేయండి. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు మీదని ఒప్పుకోండి. "నాన్నమ్మకి నీళ్ళిచ్చినందుకు డబ్బులివ్వడం నేను చేసిన తప్పు నాన్నా. నువ్వు జీతానికి ఉన్నవాడివి కాదు, మనవడివి. ఇకనుంచి ఇవ్వను" అని చెప్పండి. తల్లి నోట తప్పు ఒప్పుకునే మాట విన్న పిల్లవాడు దాన్ని మర్చిపోడు. ఖర్చులకి కావాలంటే వారానికి ఇంతని విడిగా ఇవ్వండి, పనికి ముడిపెట్టకండి. రెండు మూడు వారాలు అలుగుతాడు, నీళ్ళు ఇవ్వడు. అప్పుడు మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. వాడికి వినపడేలా నిట్టూర్చకండి, గ్లాసు టక్కున పెట్టకండి. మామూలుగా ఇవ్వండి. పిల్లలకు కోపం రేపవద్దని పౌలు ఎఫెసీయులకు రాసిన మాట ఇలాంటి రోజుల కోసమే.

అయితే ఆపడం సగం పనే. "ఇచ్చిరా పో" అని వంటింట్లోంచి కేకేయడం పని పురమాయించడం. పక్కన నిలబెట్టుకుని చేస్తేనే నేర్పినట్టు. సాయంత్రం అత్తగారికి రాగి జావ పట్టేటప్పుడు వాణ్ని పిలవండి. వీపు వెనక రెండో దిండు ఎలా పెట్టాలో, గడ్డం కింద తువ్వాలు ఎలా పరచాలో, స్పూను నిండుగా కాకుండా సగమే ఎందుకు తీసుకోవాలో, మొదటిది మింగారో లేదో గొంతు చూసుకుని రెండోది ఎలా పెట్టాలో మీ చేత్తో చూపించండి. ఒక్క ఉపదేశం వద్దు, ఒక్క వాక్యం కూడా వద్దు. మర్నాడు స్పూను వాడి చేతికివ్వండి. జావ కారుతుంది, దుప్పటి ఖరాబవుతుంది, కానివ్వండి. నాన్నమ్మ వణుకుతున్న చెయ్యి వాడి మణికట్టు మీద ఆన్చుకుంటారు చూడండి, ఆ క్షణంలో వాడికి తెలిసేది మీరూ నేనూ వంద ఆదివారాలు చెప్పినా తెలిసేది కాదు.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం వాడికి కంఠతా వచ్చే ఉంటుంది. అక్కడ వరస గమనించండి. ప్రభువు ముందు భోజనం దగ్గర నుంచి లేచాడు, తువ్వాలు కట్టుకున్నాడు, పళ్ళెంలో నీళ్ళు పోశాడు, పాదాలు కడిగాడు, ఆ తువ్వాలుతోనే తుడిచాడు. అంతా అయ్యాక కూర్చుని అప్పుడు దాని అర్థం చెప్పాడు. "మాదిరి" అన్న మాట చేశాక వచ్చింది. ఆ పాదాల్లో, తనను శత్రువులకి అప్పగించబోతున్న యూదావి కూడా ఉన్నాయి. మనమేమో మాటతో మొదలుపెట్టి, తువ్వాలు దాకా వెళ్ళకుండానే ముగించేస్తున్నాం.

మా అమ్మ నాకు సేవ గురించి ఒక్కనాడూ చెప్పలేదు. పొద్దున అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో పోసేముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న రేకు డబ్బాలో వేసేది. చాలా చర్చిల్లో ఈ అలవాటు ఉండేది, మీ అత్తగారిని అడగండి, చెబుతారు. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇంటింటా ఇలాగే పిడికెడు బియ్యం తీసి పెడుతున్నారు, అక్కడ ఎంతో పరిచర్య ఆ బియ్యం మీదే నడిచింది. మా ఇంట్లో డబ్బా నిండితే అమ్మ కొంగు కప్పుకుని, నన్ను వెంటబెట్టుకుని, చీకటి పడ్డాక వెళ్ళి పేటలో ఒక ఇంటి గుమ్మంలో పెట్టి వచ్చేది. చీకట్లోనే ఎందుకని అడిగితే "వాళ్ళకి మొహమాటం కదే" అంది. ఒక ఏడు వానల్లేక మా ఇంట్లోనే బియ్యం తక్కువైంది. ఆ రోజుల్లో అమ్మ నన్ను పిలిచి "ఇవాళ్టి నుంచి పిడికెడు నువ్వు తియ్యవే" అంది. నాకు ఆరేళ్ళు. ఎంత గొప్పగా అనిపించిందో. నా పిడికిలి చిన్నది కాబట్టి నాతో తీయించిందని, నాకు పిల్లలు పుట్టాక, ఒకరోజు బియ్యం కడుగుతూ ఉండగా తట్టింది. ఆపేయడానికి మనసొప్పక, అమ్మ కనిపెట్టిన దారి అది. సింకు దగ్గర నిలబడి ఏడ్చేశాను.

మీ ఇంట్లో కూడా ఒక డబ్బా పెట్టండి. నిండాక ఎవరికివ్వాలో పిల్లల్నే ఆలోచించనివ్వండి. మీరు ఊహించని పేరు చెబుతారు, స్కూల్ ఆటో నడిపే అతనో, వీధి చివర ఇస్త్రీ చేసే ఆవిడో. పిల్లలు మనకంటే ఎక్కువ చూస్తారు.

ఇక దుప్పట్ల సంగతి. చెల్లెమ్మా, డిసెంబరులో వృద్ధాశ్రమాలకి అందరూ వెళ్తారు. ఒక్కో పెద్దావిడ మంచం కింద నాలుగేసి దుప్పట్లు ఉంటాయి. ఫిబ్రవరిలో వెళ్ళండి, ఎండలు ముదిరిన మేలో వెళ్ళండి. వెళ్ళేముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. మాకు ఒకచోట గోళ్ళు తీసేవాళ్ళు కావాలన్నారు. వంగలేరు, కళ్ళు కనపడవు, ఎవరు తీస్తారు? ఫోన్లు ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఫోటో కోసం దుప్పటి రెండు చేతులా పట్టుకుని నిలబడిన ఆ పెద్దావిడ స్థానంలో మీ అమ్మని ఊహించుకోండి, మీకే తెలుస్తుంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువన్నాడు, మనం ఊరందరి స్టేటస్‌లో పెడుతున్నాం. యాభై మందికి ఒక్కసారి ఇవ్వడం కంటే, ఒకే ఒక్క తాతగారి దగ్గరికి నెలనెలా వెళ్ళడం పిల్లవాడికి మేలు చేస్తుంది. ఆయన పేరు తెలుస్తుంది, ఆయన పిల్లలు ఎక్కడున్నారో తెలుస్తుంది, నెల తప్పితే "ఏం బాబూ రాలేదు" అని అడుగుతారు. ఇంకో మాట కూడా చెప్పాలి. సాయం అందుకున్నందుకు వాళ్ళు మన ప్రార్థనలో కూర్చోవాలని షరతు పెట్టకండి, చేతిలో కరపత్రం పెట్టి మరీ ఇవ్వకండి. అలా ఇస్తే అది కూడా పది రూపాయల బేరమే అవుతుంది.

ఓపిక గురించి పిల్లలకి చెప్పాలంటే దూరం పోనక్కర్లేదు, గుంటూరు తీసుకెళ్ళి కుగ్లర్ ఆస్పత్రి చూపించండి. డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి 1883లో వచ్చింది. ఆస్పత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో. మధ్యలో పదిహేనేళ్ళు. గోషాలో ఉండి మగ డాక్టరు దగ్గరికి రాలేని ఆడవాళ్ళకి వైద్యం చేస్తూ, 1930లో చనిపోయేవరకు ఆ పనిలోనే ఉంది. అలాగే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి సంగతి కూడా చెప్పండి. కుష్ఠు రోగుల కోసం ఇసాబెల్ కెర్ దంపతులు అక్కడ ఆస్పత్రి కట్టాలనుకున్నప్పుడు, 1915లో డబ్బిచ్చి ఆదుకున్నది రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత. సేవ మన ఒక్కళ్ళ సొత్తని పిల్లలు అనుకోకూడదు. అలా అనుకుంటే గర్వం మొదలవుతుంది.

ఇంట్లో ఇంకొకటి చూసుకోండి, బాధపడకండి. మీ ఇంట్లో పనావిడ టీ తాగే గ్లాసు ఏది? చాలా క్రైస్తవ ఇళ్ళల్లో నేను చూశాను, సింకు పక్కన కిటికీలో విడిగా ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. మన తాతల్లో ఎంతోమంది హోటలు బయట నిలబడి, విడిగా పెట్టిన గ్లాసు తామే కడుక్కుని టీ తాగినవాళ్ళు. ఆ అవమానం తెలిసిన ఇంట్లో ఆ గ్లాసు ఉండటం నాకు గుండెల్లో ముల్లులా ఉంటుంది. మీ ఇంట్లో అలాంటిది లేకపోతే చాలా సంతోషం. ఉంటే, ఇవాళే తీసేయండి, పిల్లలకి ఏమీ చెప్పనక్కర్లేదు. వాళ్ళే గమనిస్తారు. అన్నం తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళే తీసి కడగాలి, మగపిల్లాడైనా సరే, మీవారైనా సరే.

మీవారి మాటకొస్తాను. చదువు ముఖ్యమే, నేను కాదనను. కానీ జావ పట్టడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటకి ఏడో తరగతి మార్కులు ఎక్కడికీ పోవు. నాకు మీ ఉత్తరంలో కలుక్కుమన్నది వేరే. మంచం మీదున్నది ఆయన కన్నతల్లి. ఆవిడకి బాబు ఏం చేయడో రాశారు, పాప ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుందని రాశారు. ఆయన ఏం చేస్తారో ఒక్క మాట లేదు. బ్యాంకు నుంచి అలసిపోయి వస్తారు, నిజమే. అయినా రాత్రి పూట తల్లి కాళ్ళకి కొబ్బరినూనె రాసే పని ఆయన తీసుకోవాలి. కొడుకు కళ్ళు తండ్రి మీదే ఉంటాయి. నాన్న చేయని పని ఆడవాళ్ళ పని అని వాడు ఇప్పటికే నిర్ణయించుకుని ఉంటాడు, అది ఎవరూ నోరు తెరిచి నేర్పనక్కర్లేదు. ఈ పేజీ ఆయన చేతికివ్వండి. నా మాటగానే చెప్పండి, మీరు పోట్లాడకండి.

"నీకు చర్చివాళ్ళంటేనే ఇష్టం" అన్న మాట మీరు మందలిస్తే వచ్చింది. దాన్ని ఎదురు సమాధానంగా తీసుకోకండి. వాడు మీకోసం బెంగపెట్టుకున్నాడు. పరిచర్య అంటే అమ్మని తీసుకెళ్ళిపోయేది అని ఏ పిల్లవాడికి అనిపిస్తుందో, వాడికి పరిచర్య మీద ఇష్టం ఎలా పుడుతుంది? సెక్రటరీ బాధ్యత ఒక్క ఏడాది ఇంకొకరికి అప్పగించండి. సమాజం ఆగిపోదు, ఆ స్థానం కోసం ఎదురుచూస్తున్న మంచి మనిషి ఒకరు ఉండే ఉంటారు. పాస్టరు అయ్యగారితో, అమ్మగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అర్థం చేసుకుంటారు. మూడు సాయంత్రాల్లో రెండు ఇంటికి తిరిగొస్తే, అందులో ఒకటి బాబుకే ఇవ్వండి. సేవ గురించి కాదు, వాడితో కూర్చుని మిరపకాయ బజ్జీలు తినడానికి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. సేవ పేరుతో పిల్లల్ని ఒంటరిగా ఎవరింటికీ పంపకండి, ఎంత భక్తిపరులైనా, ఎంత పెద్దవాళ్ళైనా. మీరు పక్కన ఉండాలి, లేదా తలుపులు తీసి నలుగురూ ఉన్నచోట ఉండాలి. ఇబ్బందిగా అనిపిస్తే "నేను చేయను" అని లేచి వచ్చే హక్కు వాళ్ళకి ఉందని ఇద్దరికీ చెప్పండి. స్వార్థం లేకపోవడమంటే నోరు లేకపోవడం కాదు.

రాత్రి కుటుంబ ప్రార్థనలో "ఇవాళ ఏం మంచి పని చేశావు" అని అడిగే అలవాటుంటే మానేయండి. "ఇవాళ నీకు ఎవరు సాయం చేశారు" అని అడగండి. వాళ్ళ పేరు పెట్టి ప్రార్థన చేయండి. మొదట్లో "ఎవరూ లేరు" అంటాడు. వారం తిరిగేసరికి పెన్ను ఇచ్చిన స్నేహితుడు గుర్తొస్తాడు, ఆటో ఆపిన డ్రైవర్ గుర్తొస్తాడు.

మీరు తలనొప్పి అని ఒక్క వాక్యంలో తేల్చేసిన పాప సంగతి చివరికి ఉంచాను. ఎనిమిదేళ్ళ పిల్ల హోంవర్క్ వదిలేసి ఎనిమిది నెలలుగా మంచం పట్టిన ముసలావిడ దగ్గర కూర్చుంటోంది. ఎవరూ పది రూపాయలివ్వలేదు, ఫోటో తీయలేదు, సండే స్కూల్లో చప్పట్లు కొట్టలేదు. మీరు వెతుకుతున్నది మీ ఇంట్లోనే ఉంది చెల్లెమ్మా, మీరు దాన్ని బద్ధకం అనుకుంటున్నారు. అయితే ఆ పిల్లని ఇప్పుడు అందరి ముందూ పొగడకండి, "చెల్లిని చూసి నేర్చుకో" అని అన్నయ్యతో అనకండి. ఆడపిల్ల కదా అని నాన్నమ్మ పనంతా దాని మీదే వేయకండి. హోంవర్క్ పుస్తకం తీసుకుని నాన్నమ్మ మంచం మీదే కూర్చుని చేసుకోమనండి, రెండూ అవుతాయి.

అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ఒకసారి, తలుపు దగ్గర నిలబడి కాకుండా లోపలికి వెళ్ళి కూర్చుని, వినండి. వీలైతే బాబుని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ఏం విన్నారో నాకు రాయండి.